డబ్బాలో పడ్డ మాత్రలు

మా గోడౌన్‌లో ఒక రేకు డబ్బా ఉంది. ముందు దాని సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగినదాంట్లో మా వాళ్ళ తప్పెంతో, మంచితనమెంతో మీకు తేలదు.

అది ఎప్పటిదో పాత బిస్కెట్ల డబ్బా. మూత మీద ఒక పాప బొమ్మ ఉండేదంట. అరిగి అరిగి ఇప్పుడు ఒక చెవి, కొంచెం జడ మిగిలాయి. మా బస్తాలు మోసే కూలీల ముఠాలో ఎవరు తినేది ఏం తెచ్చినా ఆ డబ్బాలో పడాల్సిందే. లారీ డ్రైవరు అరటిపళ్ళు ఇచ్చాడా, డబ్బాలోకి. ఎవరింట్లోనైనా పెళ్ళయిందా, మిఠాయి డబ్బాలోకి. టీ టైంకి మా మేస్త్రీ మూత తీసి అందరికీ సమానంగా పంచుతాడు. ఒక్క ఆపిల్ వచ్చినా సరే, చాకుతో కోసి అందరి చేతుల్లో పెడతాడు.

"మేస్త్రీ, నా ముక్క గాలికి ఎగిరిపోయింది, ఇంకోటి పెట్టు" అంటాడు నిచ్చెన. వాడు మా ముఠాలో అందరికన్నా పొడుగు. పై వరస బస్తాలు వాడే అందుకుంటాడు, అందుకే ఆ పేరు.

"ఎగిరింది నీ నోట్లోకేగా, ఇంక చాల్లే" అంటాడు మేస్త్రీ.

ఆ మేస్త్రీ ఎవరో కాదు, మా బావ. మా అక్క మొగుడు. నన్ను ఈ ధాన్యం గోడౌన్‌లో కాటా దగ్గర పెట్టించింది కూడా ఆయనే. బస్తా తూకం వేయడం నా పని. అందుకని చిన్నా పెద్దా అందరూ నన్ను కాటా మామ అంటారు.

నిరుటి వానాకాలంలో మా బావ చావు తప్పించుకుని బయటపడ్డాడు. వానలు మొదలవగానే పొలాల్లోని ఎలుకలన్నీ గోడౌన్‌లోకి కాపురం మారుస్తాయి. తిండి ఉంది, పొడి చోటు ఉంది, ఇంక వాటికేం కావాలి? ఆ ఎలుకల మూత్రంలో, పెంటికల్లో ఒక వైరస్ ఉంటుందంట. అది ఎండి దుమ్ములో కలుస్తుంది. మనం చీపురేసి ఊడిస్తే ఆ దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. ముందు మామూలు జ్వరంలాగే ఉంటుంది. తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు పట్టుకుంటుంది. బావ ఆసుపత్రిలో మిషన్ల మధ్య పడుకుని ఉంటే మా అక్క బయట బల్ల మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేది. 

బతికి బట్టకట్టాడు గానీ బస్తా మొయ్యలేడు. నాలుగు అడుగులు గట్టిగా వేస్తే ఆయాసం. ఓనరు మంచివాడు కాబట్టి మేస్త్రీగానే ఉంచాడు. కుర్చీలో కూర్చుని అరవడమే పని. అది మా బావకి ముందునుంచీ బాగా వచ్చిన పనే.

మా బావకి ఒక్కతే కూతురు, అంటే నా మేనకోడలు. డాక్టరు. రోగుల్ని చూసే డాక్టరు కాదు, పెద్దాసుపత్రిలో పరిశోధన చేసే డాక్టరు. వాళ్ళ నాన్నని ఆ మిషన్ల మధ్య చూశాక పిల్లకి ఒకటే పట్టుదల. ఈ జ్వరం వచ్చాక పోరాడటం కాదు, అసలు రాకుండా ఆపాలని.

ఎండాకాలం చివర్లో ఒకరోజు టీ టైంకి గోడౌన్‌కి వచ్చింది. ముక్కుకి మాస్కు, చేతిలో సంచీ. బస్తా మీద పాత పేపరు పరుచుకుని కూర్చుంది.

"బాబాయిలూ, పిన్నీ, మామయ్యా, ఒక మాట వినండి. కొత్త మందు కనిపెట్టాలంటే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. కానీ మందుల షాపులో ఇప్పటికే ఉన్న పాత మందులు బోలెడు. వాటిని జనం ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు, మంచీ చెడూ అన్నీ తెలుసు. వాటిలో ఏదైనా ఈ వైరస్‌ని ఆపుతుందేమో అని మా ల్యాబులో ఒక్కొక్కటీ పరీక్షించాం. ఒకటి దొరికింది. వేరే జబ్బుకి వాడే మాత్ర. అది ఒంట్లో ఉంటే వైరస్ లోపలికి దూరలేకపోతోంది."

"అంటే పాత తాళం కొత్త తలుపుకి పనికొచ్చిందన్నమాట" అన్నాడు నిచ్చెన.

"పనికొస్తుందేమో అని చూస్తున్నాం బాబాయ్. ల్యాబులో తలుపు వేరు, మనిషి వేరు."

ఆ మాత్ర పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. నాకు తెలుసు మీ సంగతి. పేరు చెప్పగానే షాపుకెళ్ళి కొనేసి, నాకు రాత్రి నుంచి కడుపులో మంట మామయ్యా అని నాకే మెసేజ్ పెడతారు.

మా చీపురు పిన్ని మూతి మీద కొంగు తీసి అడిగింది. ఆవిడ గోడౌన్ ఊడుస్తుంది, అందరికన్నా ఆ దుమ్ము ఎక్కువ తినేది ఆవిడే. "అయితే ఇంకేంటమ్మా ఆలస్యం? అందరికీ తలా ఒకటి ఇవ్వు, వేసుకుంటాం."

"అక్కడే ఉంది మెలిక పిన్నీ. మీలో కొందరికి మందు ఉన్న మాత్ర ఇస్తాం. కొందరికి అచ్చం అలాగే ఉండే ఖాళీ మాత్ర. ఉత్త పిండి. ఎవరిది ఏదో మీకు తెలియదు."

"నీకు తెలుస్తుందిగా" అన్నాడు బావ.

"నాకూ తెలియదు నాన్నా."

"డాక్టరువి, నీకే తెలియకపోతే ఎట్లా? ఇంతమంది ముందు పరువు తీస్తున్నావే."

అందరూ నవ్వారు. కానీ సగం మందికి ఖాళీ మాత్ర అనగానే గోల మొదలైంది. మేమేం పాపం చేశామని ఒకరు, మా ఇంట్లో వాడికి ఉండి నాకు లేకపోతే ఎట్లా అని ఇంకొకరు. అప్పుడు నా మేనకోడలు నావైపు తిరిగింది.

"మామయ్యా, పొద్దున్నే వచ్చి కాటా మీద మొదట ఏం చేస్తావ్?"

"ఏం పెట్టకుండా సున్నా చూస్తాను."

"ఎందుకు?"

"సున్నా చూడకపోతే తర్వాత వేసే తూకం ఏ బస్తాదీ నమ్మలేం కదా."

"అదే! ఖాళీ మాత్ర వేసుకునేవాళ్ళు నా సున్నా. వాళ్ళు లేకపోతే మందు పనిచేసిందో, అసలు ఈ ఏడు జ్వరమే తక్కువ వచ్చిందో నాకు తెలియదు."

నాకు వెంటనే అర్థమైంది. తక్కినవాళ్ళు కూడా తలలు ఊపారు. ఊపడం వేరు, ఒప్పుకోవడం వేరని అప్పుడు నాకు తట్టలేదు.

మా గోడౌన్‌లోనూ, ఈ స్టడీలో చేరిన మిగతా గోడౌన్లలోనూ అందరి రక్తం తీసి, బీపీ చూసి, ఎవరు ఈ మాత్ర వేసుకోవచ్చో ఎవరు వేసుకోకూడదో చూశారు. నేను, పిన్ని, నిచ్చెన, ఇంకా చాలామంది పాసయ్యాం. బావకి ఒకసారి జ్వరం వచ్చి తగ్గింది కాబట్టి ఆయనకి అక్కర్లేదన్నారు. ఎవరి సీసా వాళ్ళకి, దాని మీద వాళ్ళ నంబరు. సంతకాలు పెట్టాం, పెట్టలేనివాళ్ళు వేలిముద్ర వేశారు. రోజుకొకటి మింగాలి, వేరేవాళ్ళ సీసా ముట్టుకోకూడదు అని పిల్ల ఒకటికి పదిసార్లు చెప్పింది.

ఇక్కడ మా బావ సంగతి చెప్పాలి. ఆ జ్వరం ఎలా ఉంటుందో మా అందరిలో తెలిసింది ఆయనొక్కడికే. టీ టైంకి కుర్చీలో కూర్చుని ముఠా అంతా సీసాలు తీసి మాత్రలు మింగుతుంటే ఒక్కొక్క మొహమే చూసేవాడు. "వీళ్ళలో ఎవడు ఉత్త పిండి మింగుతున్నాడో" అనేవాడు నాతో. "నిచ్చెన గాడికి నిరుడే పాప పుట్టింది. పిన్నికి ముందూ వెనకా ఎవరూ లేరు. వీళ్ళలో ఒకళ్ళు ఆ మిషన్ల మధ్య పడుకుంటే..." అని ఆగిపోయేవాడు.

ఒకరోజు టీ తాగుదామని నేను కాటా గది నుంచి వచ్చేసరికి రేకు డబ్బా తెరిచి ఉంది. లోపల తెల్లటి మాత్రలు, చూస్తే ముత్యాల్లా ఉన్నాయి. సీసాలన్నీ ఖాళీగా పక్కన వరసగా నిలబెట్టి ఉన్నాయి. బావ డబ్బా మూతేసి గలగలా ఊపి, మూత తీసి తలా ఒకటి చేతిలో పెడుతున్నాడు.

"ఇదేంటి బావా?"

"ఏముంది, పంచుతున్నా. రోజూ ఒకడికే పిండి ఎందుకు పోవాలి? ఇవాళ ఒకడికి, రేపు ఇంకొకడికి. అందరికీ ఎంతో కొంత మందు తగులుతుందిగా."

నాకు ఒక్క క్షణం కాటా గుర్తొచ్చింది. కానీ బావ ఎవరు? డాక్టరమ్మ తండ్రి. కూతుర్ని అడక్కుండా చేస్తాడా అనుకున్నాను. చెయ్యి చాపాను. తర్వాత తెలిసింది, ముఠాలో ప్రతివాళ్ళూ అదే అనుకున్నారు. పిన్ని అనుకుందంట, కాటా మామ అడిగుంటాడని. నిచ్చెన అనుకున్నాడంట, పిన్ని అడిగుంటుందని. బావ మాత్రం ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటుందని ఆయనకి తెలుసు.

వానలు పడ్డాయి. ఎలుకలొచ్చాయి. ఆసుపత్రి నుంచి ఒక నర్సు వచ్చి మళ్ళీ రక్తం తీసుకెళ్ళింది. మేము రోజూ డబ్బాలో మాత్రలు పంచుకుంటూ, హాయిగా, ఏదో గొప్ప న్యాయం చేశామన్నట్టు ఉన్నాం.

ఒక సెలవురోజు మధ్యాహ్నం అక్క భోజనానికి పిలిచింది. వెళ్ళాను. మేనకోడలు కూడా వచ్చింది, కానీ పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది.

"ఏమైందే?" అంది అక్క.

"మామయ్యా" అంది నాతో, "మీ గోడౌన్ రక్తం రిపోర్టులు విచిత్రంగా ఉన్నాయి. మందు ఎవరికి అందుతోందో చూసేవాళ్ళు వేరే ఉన్నారు, నేను కాదు. వాళ్ళే చెప్పారు. సగం మందిలో నిండుగా ఉండాలి, సగం మందిలో అసలు ఉండకూడదు. మీ దగ్గర మాత్రం అందరిలోనూ ఉంది. ఎవరిలోనూ చాలినంత లేదు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"సీసాలు నింపించింది నేనే. నేనే ఎక్కడో కలిపేశానని అనుకుంటున్నారు. రేపు ఆసుపత్రి కమిటీ విచారణకి పిలిచింది. స్టడీ ఆపేసి నన్ను తప్పిస్తారేమో. మీదే అన్నిటికన్నా పెద్ద ముఠా. నాలుగు రోజుల నుంచి నిద్రలేదు మామయ్యా, ఎక్కడ తప్పు చేశానా అని లెక్కలన్నీ తిరగేస్తున్నాను."

నేను బావ వైపు చూడకూడదు అనుకుంటూనే చూశాను. మా బావ అబద్ధం చెప్పలేడు. ఆయన చెవులు చెప్పేస్తాయి. అప్పటికే రెండూ ఎర్రగా కాలుతున్నాయి.

అక్క కూడా చూసింది. ముప్పై ఏళ్ళ కాపురం, తెలియదా? "ఏవండీ" అంది నెమ్మదిగా, గరిటె పట్టుకునే. "ఆ చెవులేంటి?"

"ఉక్కపోత."

"బయట వాన కురుస్తోంది."

బావ చెయ్యి కడుక్కున్నాడు. కూతురి ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బళ్ళో పిల్లాడిలా. "డబ్బాలో పోశానమ్మా" అన్నాడు.

"ఏం పోశావ్?"

"మాత్రలు. అన్నీ. కలిపి పంచాను."

పిల్ల కంచం పక్కకి తోసి లేచింది. తర్వాత మాట్లాడింది. అది నేను ఇక్కడ మొత్తం రాయలేను. ఒక్క మాట మాత్రం మనసులో ఉండిపోయింది. "ఎవరి ఒంటికి ఏం సరిపడుతుందో చూసి ఇచ్చాం నాన్నా. రేపు ఎవరికైనా ఏమన్నా అయితే వాళ్ళు ఏం మింగారో నేనెలా చెప్పాలి? నువ్వు వాళ్ళని కాపాడాలనుకున్నావు. ఎవర్నీ కాపాడలేదు. చాలినంత మందు ఒక్కళ్ళకీ అందలేదు."

బావ తలెత్తలేదు. ఆయన అంత చిన్నగా అయిపోవడం ఆసుపత్రి మంచం మీద కూడా నేను చూడలేదు. పిల్ల అన్నం తినకుండానే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అక్క గరిటె బావ కంచం మీద పెట్టి, "మిగిలింది కూడా పంచండి, సమానంగా" అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇంటి ముందు నిలబడ్డాడు. చంకలో రేకు డబ్బా. వెనకాల పిన్ని, నిచ్చెన.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. ఆ కమిటీ ముందు పిల్ల ఒక్కతే నిలబడకూడదు."

"డబ్బా ఎందుకు బావా?"

"సాక్ష్యం" అన్నాడు. ఆయన సీరియస్‌గానే అన్నాడు.

ఆసుపత్రి వరండాలో బల్లల మీద కూర్చున్నాం. పిన్ని మాస్కు తీయలేదు, ఇక్కడ రోగాలుంటాయంది. పిల్ల తలుపు దగ్గర ఫైళ్ళు పట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి, "ఎందుకొచ్చారు?" అని మాత్రం అడిగింది. బావ జవాబు చెప్పకుండా తలుపు తోసుకుని లోపలికి పోయాడు. మేము వెనకాల.

లోపల పొడుగాటి బల్ల, చుట్టూ పెద్దలు. మధ్యలో తెల్లజుట్టు పెద్ద డాక్టరమ్మ, ముక్కు మీద కళ్ళజోడు. ఆవిడని చూస్తే నాకు చిన్నప్పుడు లెక్కల టీచరు గుర్తొచ్చి కాళ్ళు వాటంతటవే దగ్గరయ్యాయి.

బావ డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశాడు. అడుగున మిగిలిన మాత్రలు నాలుగు గలగలమన్నాయి.

"అమ్మా, నేను మేస్త్రీని. మీ డాక్టరమ్మ తండ్రిని కూడా. ఆ అమ్మాయి సీసాలు సరిగ్గానే పంపింది. కలిపింది నేను. ఈ డబ్బాలో పోసి, ఊపి, పంచాను."

"ఊపి" అంది పెద్ద డాక్టరమ్మ.

"బాగా కలవాలని."

ఎవరో దగ్గినట్టు నవ్వాపుకున్నారు.

"ఎందుకు చేశారు?"

బావ డబ్బా మూత చేతిలో తిప్పుతూ చెప్పాడు. "నాకు ఆ జ్వరం వచ్చిందమ్మా. మంచం మీద పడుకుని పైన లైటు చూస్తూ, ఇది ఇంకెవరికీ రాకూడదు అనుకున్నాను. తర్వాత నా ఎదురుగా సగం మంది ఉత్త పిండి మింగుతుంటే చూడలేకపోయాను. మా దగ్గర ఏది వచ్చినా పంచుకుంటాం. మందు కూడా అట్లాగే అనుకున్నాను. అదే తప్పని నిన్న మా అమ్మాయి చెప్పేదాకా బుర్రకెక్కలేదు. సంతకం పెట్టింది మేము, మాట తప్పింది మేము. పిల్లని తప్పించకండి."

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నిజం చెప్పారు, సంతోషం. లేకపోతే ఈ రిపోర్టులు పట్టుకుని ఇంకో ఏడాది తలలు బాదుకునేవాళ్ళం. మీ గోడౌన్ లెక్క మాత్రం పనికిరాదు. ముందు మీ అందరి ఆరోగ్యం మళ్ళీ చూడాలి. తర్వాత..." అని మావైపు చూసింది. "ఒకవేళ మళ్ళీ మొదలుపెడితే, ఈసారి ఎవరి సీసా వాళ్ళే వాడతారా? పంచుకోరుగా?"

మేము ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. పిన్ని ముందుకొచ్చింది.

"అబద్ధం చెప్పమంటారా, నిజం చెప్పమంటారా అమ్మా?"

"నిజమే చెప్పండి."

"పంచుకుంటాం."

బావ పిన్నిని కళ్ళతోనే మింగేసేలా చూశాడు. పిన్ని తగ్గలేదు. "ఏం చెయ్యమంటావ్ మేస్త్రీ? ఇవాళ వద్దనుకుంటాం. రేపు నిచ్చెన గాడు దగ్గితే నా మాత్ర వాడి నోట్లో నేనే వేస్తాను. నా సంగతి నాకు తెలియదా?"

 అప్పుడు చూశాను నా మేనకోడల్ని. గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్ల మొహంలో ఏదో వెలిగింది.

"మేడం" అంది, "పిన్ని చెప్పింది నిజం. వీళ్ళని విడదీయలేం. ఇన్ని గోడౌన్లలో ఎంతమంది చెప్పకుండా పంచుకుంటున్నారో మనకేం తెలుసు? అసలు ఎందుకు విడదీయాలి? ముఠా మొత్తాన్ని ఒక్క మనిషి అనుకుందాం. ఒక ముఠాకి అందరికీ మందు, ఇంకో ముఠాకి అందరికీ ఖాళీ. ఎన్ని గోడౌన్లు ఎక్కువ తీసుకోవాలో లెక్కలవాళ్ళని అడుగుదాం. అప్పుడు వీళ్ళు పంచుకున్నా నష్టం లేదు. డబ్బాలో ఉన్నదంతా ఒక్కటే."

పెద్ద డాక్టరమ్మ కాగితం మీద ఏదో గీసి చూసుకుంది. తర్వాత పక్కన కూర్చున్నాయన్ని, "ఇలాంటి పద్ధతి ఉందిగా, మొదటే ఎందుకు అనుకోలేదు?" అని అడిగింది. ఆయన, "ఇలా డబ్బా ఉంటుందని తెలియదుగా మేడం" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వేసింది. లెక్కల టీచరు నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ నవ్వు ఆగాక బావ వైపు తిరిగింది. "కానీ మేస్త్రీగారూ, ఒకటి ఆలోచించండి. మీ ముఠాకి ఖాళీ మాత్ర రావచ్చు. మీ అందరికీ. అప్పుడు ఓర్చుకోగలరా?"

 పాపం, బావ భయపడ్డదే అది కదా. సగం మంది కాదు, ఇప్పుడు అందరూ. నిచ్చెన మొహం చూశాడు, పిన్ని మొహం చూశాడు, చివరికి కూతురి మొహం చూశాడు.

నిచ్చెన అన్నాడు, "వస్తే అందరికీ వస్తుంది, పోతే అందరికీ పోతుంది. అది మన డబ్బా రూలేగా మేస్త్రీ."

"సరేనమ్మా" అన్నాడు బావ. "ఓర్చుకుంటాను. మాటిస్తున్నా."

కమిటీ ఇంకా చాలా చర్చించుకుంది, కాగితాలు మారాయి, మా అందరినీ మళ్ళీ పరీక్ష చేశారు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. వానలు జోరందుకునేలోపు కొత్త మాత్రలు వచ్చాయి. ఈసారి సీసాలు కాదు, ముఠాకి ఒక పెద్ద ప్యాకెట్. పంచే మనిషిగా బావనే పెట్టింది పిల్ల. "నీ పాత ఉద్యోగమే నాన్నా" అంది. ఎవరికి మాత్ర పడదో వాళ్ళకి మాత్రం పొరపాటున కూడా ఇవ్వనని పక్కన నిలబెట్టి ఒట్టు వేయించుకుంది.

ఇంక మొదలైంది మా బావ వీరవిహారం. మావి ఖాళీ మాత్రలేమో అన్న భయంతో మనిషి మారిపోయాడు. మందుంటే ఉంది, లేకపోతే ఎట్లా అనుకుని, కూతురు చెప్పిన జాగ్రత్తలన్నీ చండశాసనుడిలా అమలు చేశాడు. ఊడ్చేముందు క్రిమిసంహారక ద్రావణం చల్లి తడపాలి. మాస్కు లేకుండా ఎవడూ లోపల అడుగుపెట్టకూడదు. గోడలో కన్నాలన్నీ జల్లెడ వల, సిమెంటు పెట్టి మూయించాడు. ఎవరైనా మాస్కు గడ్డం కిందకి లాగితే కుర్చీలోంచే కేక.

"ఒరేయ్ నిచ్చెనా! ముక్కు గడ్డం దగ్గర ఉందేంట్రా నీకు?"

"ఊపిరాడట్లేదు మేస్త్రీ."

"నాకు అస్సలాడలేదు పోయినేడాది. పైకి లాగు!"

పిన్ని చీపురు పట్టుకుంటే చాలు, "తడిపావా?" అని అడిగేవాడు. ఆవిడకి విసుగొచ్చి ఒకరోజు ఆయన కాళ్ళ మీద కూడా ద్రావణం చల్లింది. "ఇప్పుడు మేస్త్రీని కూడా తడిపాను, ఊడ్చెయ్యనా?" అంది. గోడౌన్ గోడౌనంతా నవ్వింది, బావతో సహా.

వానాకాలం వెళ్ళిపోయింది. మా ముఠాలో ఒక్కరికీ జ్వరం రాలేదు. బావ రొమ్ము విరుచుకుని తిరిగాడు. "నేను చెప్పలా, మనది మందు మాత్రే. చేతిలోకి తీసుకున్నప్పుడే తెలిసిపోయింది, బరువుగా ఉంది" అనేవాడు.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం టీ టైంకి నా మేనకోడలు వచ్చింది. చేతిలో పెద్ద ఆపిల్, ఒక్కటే. బస్తా మీద పేపరు పరుచుకుని కూర్చుంది. మేమంతా చుట్టూ చేరాం.

"ఫలితాలు తెరిచారు నాన్నా."

బావ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మందు అందిన ముఠాల్లో జ్వరం బాగా తగ్గింది. ఖాళీ మాత్ర వేసుకున్న ముఠాల్లో ఎక్కువమందికే వచ్చింది, కానీ తొందరగా పట్టుకున్నాం కాబట్టి అందరూ కోలుకున్నారు. ఇంకా పెద్ద స్టడీ చెయ్యాలి, ఇప్పుడే సంబరపడకూడదు. కానీ పాత మాత్రకి కొత్త పని దొరికినట్టే ఉంది."

"మరి మనది?" అన్నాడు బావ. "మనది మందేగా?"

పిల్ల పెదవులు బిగించింది. "పిండి నాన్నా."

"ఏంటీ?"

"ఉత్త పిండి. మీ ముఠా మొత్తానికీ."

బావ తెల్లమొహం వేశాడు. "అంటే... నేను ఇన్నాళ్ళూ, అంత జాగ్రత్తగా, కింద పడితే ఏరి పక్కన పెట్టి, ఒక్కటి తక్కువ కాకుండా... పంచింది పిండా?"

"పిండే."

"బరువుగా ఉందన్నావుగా మేస్త్రీ" అన్నాడు నిచ్చెన. అంతే, ఇంక ఎవరూ ఆగలేకపోయారు. పిన్నికి నవ్వి నవ్వి పొలమారింది.

పిల్ల వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది. "ఖాళీ మాత్ర వేసుకుని కూడా ఒక్కరికీ జ్వరం రాని ముఠా మీదొక్కటే నాన్నా. కొంత అదృష్టం ఉండొచ్చు. కానీ వేరేవాళ్ళు మాస్కులు మధ్యలో వదిలేశారు, తడపడం మానేశారు. మీరు మానలేదు. మా మేడం అడిగింది, ఆ గోడౌన్‌లో ఏం చేశారని. మా నాన్న అరిచాడని చెప్పాను."

 బావ కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు. తడిపిన నేల మీద దుమ్మెక్కడిదని పిన్ని అడిగింది.

"వచ్చే వానలకి ఖాళీ వేసుకున్న ముఠాలకే ముందు మందు ఇస్తారంట" అంది పిల్ల. "మీ అందరికీ."

"అందరికీనా?"

"పరీక్షలో పాసైన అందరికీ."

బావ లేచి వెళ్ళి రేకు డబ్బా కడిగి తెచ్చాడు. ఆపిల్ కోశాడు. నా మేనకోడలు డాక్టరైన దగ్గర్నుంచీ ఆ డబ్బాలోది ముట్టుకునేది కాదు, చేతులు కడుక్కున్నారా అని మా మీదే ఎగిరేది. ఆరోజు తనే వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి చెయ్యి చాపింది. బావ ముక్క పెట్టాడు.

"డాక్టరమ్మ ముక్క పెద్దది!" అని అరిచాడు నిచ్చెన. "కూతురని పక్షపాతం!"

"నా చేత్తో కోస్తే తేడా ఎట్లా వస్తుందిరా? ఒరేయ్ బామ్మర్దీ, కాటా మీద పెట్టి చూపించు వీడికి."

సరేనని తీసుకెళ్ళి డాక్టరమ్మ ముక్క కాటా మీద పెట్టాను. తర్వాత నిచ్చెన ముక్క పెట్టాను. బస్తాలు తూచే కాటా కదా, దానికి ఆపిల్ ముక్క ఒక లెక్కా? రెండిటికీ ముల్లు అణువంత కూడా కదల్లేదు.

"ఎంత?" అన్నాడు బావ అక్కడి నుంచే.

"సున్నా బావా. రెండూ సున్నాయే."

"చూశావా" అన్నాడు బావ చాకు తుడుచుకుంటూ. "సమానం."